రూపాయల గడి

కంప్యూటర్ తెర మీద డబ్బు మొత్తం కొట్టే గడి ఒకటి తయారు చేయడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. వేలెడంత గడి. దానితోనే ఒక మనిషి నోటి దగ్గర కూడు తీశాను. ఇప్పుడు ఎవరైనా నా పనితనం మెచ్చుకుంటే ఒళ్లు మండుతుంది.

అప్పట్లో రామచంద్రపురం దగ్గర ఒక రైసు మిల్లుకు చెల్లింపుల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ధాన్యం డబ్బు లెక్క కాటా నుంచి దానంతటదే వచ్చేస్తుంది. మిగిలిన చిల్లర చెల్లింపులు గుమాస్తా గారు చేత్తో కొట్టాలి. నెట్‌లో దొరికిన కోడ్ మూడేసి అంకెలకో కామా పెడుతుంది, మనకేమో వేలు దాటాక రెండేసికి పడాలి. కామా పడగానే కర్సర్ ఎటో గెంతేది. కిందా మీదా పడి అదంతా సరిచేశాను. అంకెలూ చుక్కా తప్ప ఇంకేం నొక్కినా గడి మింగేసేలా చేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

గుమాస్తా గారిది ఆ మిల్లులో ముప్ఫయ్యేళ్ల నౌకరీ. ఆ జీతం మీదే ఆయనా, మంచాన పడ్డ ఆయన భార్యా బతుకుతున్నారు. మొదటి రోజే అడిగారు.

"ఇదొచ్చి నన్ను ఇంటికి పంపించేయదు కదండీ బాబూ?"

"అబ్బే, మీ చేతికి సాయమేనండీ" అన్నాను.

చిట్టాలో ఆయన ఏ మొత్తం రాసినా పక్కన అడ్డగీత, రెండు సున్నాలు ఉండాల్సిందే. 2,850-00. పైసల చోటు ఖాళీగా వదిలితే ఎవడో ఒకడు అంకె చేరుస్తాడని పాత గుమాస్తాల జాగ్రత్త. మా ఇంటికొచ్చే కిరాణా చీటీ కూడా అలాగే ఉండేది. చూస్తూనే పెరిగాను. అయినా నా మట్టిబుర్రకు తట్టలేదు.

దాళ్వా, అదే రెండో పంట, కోతల రోజులవి. ఒక కౌలు రైతుకు రావలసిన చిల్లర బాకీ ఆయన చిట్టా చూస్తూ కొట్టారు, 2850-00 అని. కళ్లు పుస్తకం మీద, వేళ్లు మీటల మీద. నా గడి గీతను మింగేసి, సున్నాలను అంకెల పక్కన అంటించి, కామాలు కూడా ముచ్చటగా పెట్టింది. 2,85,000. సీజన్లో రోజూ లక్షలు పోతుంటాయి, యజమాని చూడకుండానే ఓటీపీ కొట్టేశారు. మర్నాడు ఆ రైతే లబోదిబోమంటూ వచ్చాడు. ఖాతాలో పడ్డ డబ్బంతా బ్యాంకు పాత పంట రుణం కింద జమ కట్టేసుకుందట, చేతికి రూపాయి రాలేదట. ఇక అది వెనక్కి వచ్చే డబ్బు కాదు.

యజమాని నన్ను పిలిపించారు. గుమాస్తా గారు బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. చిట్టా చూశాను, తెర చూశాను. నిమిషంలో అర్థమైపోయింది.

"మీ దాంట్లో ఏమన్నా తేడా ఉందాండీ?" అని అడిగారు యజమాని.

నాకు ఇంకా సగం డబ్బు రావాలి. ఆయన మాట మీద మరో రెండు మిల్లుల పని వచ్చేలా ఉంది.

"అందులో కొట్టిన అంకెలే పడతాయండీ" అన్నాను.

అది అబద్ధం కాదు. అదే నా నీచత్వం. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. నేను మద్దెలను కూడా అనలేదు, పక్కనున్న మనిషి మీదకు తోశాను.

యజమాని అరవలేదు. "పెద్దవారైపోయారండీ. ఇక ఇంటి దగ్గర ఉండండి" అన్నారు ఆయనతో.

ఆ మధ్యాహ్నమే కోడ్ సరిచేశాను. మూడు వరుసలు, పది నిమిషాల పని. చేతులు కాలాక ఆకులు.

వారం తర్వాత గుమాస్తా గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని నా గదికొచ్చారు.

"ద్రాక్షారామంలో ఎరువుల కొట్లో చూస్తామన్నారండి. అక్కడా కంప్యూటరేనంట. నేనెక్కడ తప్పు కొట్టానో కాస్త చూపించండి బాబూ. మళ్లీ చెయ్యకుండా ఉంటాను."

కొత్తదాంట్లో ఆ తప్పు జరగదు. అందుకని పాత కాపీ వెతికి తెరిచాను. అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. ఆయన ఈసారి తెర వైపే చూస్తూ ఒక్కో మీటా నొక్కారు. గీత దగ్గర ఆగారు. మళ్లీ నొక్కారు.

"గీత కొట్టానండి. పడలేదేంటండీ?"

పాత కాపీ మూసేశాను.

"కంప్యూటర్లో గీత కొట్టకూడదండీ" అన్నాను.

"అలాగాండీ. ఎవరూ చెప్పలేదండి నాకు. తప్పు నాదేనన్నమాట."

లేచి, రెండు చేతులూ జోడించి నాకు దణ్ణం పెట్టారు. నేనూ తిరిగి పెట్టాను.