తెర మీది అతిథి, వహీద్ చెయ్యి

వహీద్ చెయ్యి ఒకచోట నిలవదు. గల్ఫ్‌లో, అస్కర్ అనే ఊళ్లో అల్యూమినియం ఫ్యాక్టరీ పక్క క్యాంటీన్‌లో ఏళ్ల తరబడి చాయ్ పోసిన చెయ్యి అది. అక్కడ బస్సు హారన్ కొట్టేలోగా ఒకడు తాగి లేవాలి, ఇంకొకడు కూర్చోవాలి. గ్లాసు బల్లకు ఆనిందంటే వహీద్ లాగేసేవాడు. అడుగున గుక్కెడు మిగిలిందా అన్నది తాగేవాడి సొంత విషయం.

2008లో అక్కడి రాజధానిలో, హూరా పేటలోని ఒక హోటల్‌కు హఠాత్తుగా చైనా తేనీటి మర్యాదల మీద భక్తి పుట్టింది. వహీద్‌ను పనిలో పెట్టుకుంది. నేర్పడానికి చైనా నుంచి గురువు రాలేదు, సీడీ వచ్చింది. కంప్యూటర్ తెర మీద ఒక మట్టి కూజా, బుల్లి కప్పులు, పట్టుబట్టల్లో ఒక ముసలాయన. మౌస్‌తో నీళ్లు కాచాలి, మొదట తీసిన టీ పారబోయాలి, రెండోసారిది ఆయనకివ్వాలి. ఆయన వాసన చూసి, చప్పరించి, కప్పు దించి, కళ్లు మూసుకుని, మళ్లీ తాగేదాకా ఊరికే ఉండాలి. ఆ ఊరికే ఉండటమే విద్య.

ముసలాయన కప్పు దించగానే వహీద్ ఎత్తుకుపోయేవాడు. ముసలాయన మొహం ముడుచుకునేవాడు, తెర ఎర్రబడేది.

"మళ్లీ లాగేశారా! ఆయనేమన్నా బస్సెక్కాలా, వహీద్ భాయ్?" అనేది శిక్షణ ఇచ్చే కాకినాడ మనిషి తబితా.

"ఏం జెయ్యాలె మేడమ్, కప్పు కింద వెట్టిండంటే చెయ్యి ఆగుతలేదు."

"గురువారం పరీక్షండీ. తప్పారంటే మేనేజరు అస్కర్ పంపించేస్తారు."

అస్కర్ కార్మికుల క్యాంపులో భార్యలకు చోటులేదు. వహీద్ భార్య ఇఫ్ఫత్ జగిత్యాల నుంచి ఈమధ్యే వచ్చింది, హూరా గదికి ఇంకా కర్టెన్లు కుడుతూనే ఉంది. బుధవారమంతా వహీద్ ఆ చిన్నగదిలో కూర్చుని లేచి, లేచి కూర్చున్నాడు. చూసి చూసి ఆమె ఉర్దూలో ఒక సలహా పారేసింది: ఆ పాడు చేతిమీదే కూర్చోమని.

గురువారం మేనేజరు సాక్షిగా వహీద్ టీ అందించి, మౌస్ వదిలి, కుడిచెయ్యి తొడకింద పెట్టుకున్నాడు. ముసలాయన కప్పు పెదవులదాకా ఎత్తాడు. అలాగే ఉన్నాడు. వహీద్ కూడా అలాగే ఉన్నాడు. మేనేజరు దగ్గాడు. ముసలాయన కదల్లేదు, వహీద్ కదల్లేదు.

"ఇదీ నిష్ఠంటే! పాస్!" అన్నాడు మేనేజరు, కుర్చీలోంచి లేచి.

తబితా వంగి తెర చూసింది. "అయ్యబాబోయ్, హ్యాంగైపోయిందండీ ఇది! చెప్పరేంటి?"

మేనేజరు కిటికీవైపు తిరిగాడు. అన్నమాట వెనక్కి తీసుకోవడం ఆయన హోదాలో లేదు.

వహీద్ తిమ్మిరెక్కిన చెయ్యి లాక్కుని విదిలించాడు. అస్కర్ వెళ్లడం తప్పిందని అందరికంటే ఆలస్యంగా అతనికే అర్థమైంది. అయినా కళ్లు తెరమీదే ఉన్నాయి.

"అది సరే మేడమ్, ఇంతకు ఆయన చాయ్ తాగిండా, లేదా?"