ఫోన్ మోగిన మధ్యాహ్నం

భర్త పరమేష్ చనిపోయిన రోజు అరుణజ్యోతి చేసిందల్లా అతనికి ఒక ఫోన్. చేవెళ్ల బస్టాండులో ఎంతసేపు నిలబడ్డా బస్సు రాలేదు. బండి మీద వచ్చి తీసుకెళ్లమని అడుగుదామనుకుంది. ఆలూరులో, ఇంటి ముందు గదిలో, ముప్పై ఒక్కేళ్ల పరమేష్ కునుకు తీస్తున్నాడు. తల పక్కనే ఫోన్ గట్టిగా మోగింది. ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఫోన్ అందుకోకముందే పక్కకు ఒరిగిపోయాడు. ఎదురుగా చిక్కుడుకాయలు ఒలుస్తున్న అతని తల్లి కృష్ణమ్మ అంతా కళ్లారా చూసింది.

పదకొండో రోజున బంధువులందరి ముందు ఆమె కోడలి వైపు వేలు చూపించింది.

"నువ్వు ఫోన్ చెయ్యకుంటే నా కొడుకు బతికేటోడు. వాన్ని నువ్వే మింగినవ్."

ఆ తర్వాత ఐదేళ్ల కూతురు సింధుజను తీసుకుని అరుణజ్యోతి చేవెళ్లలో ఒక కిరాయి గదికి మారింది. చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. పన్నెండేళ్లు ఆ పనే చేసింది. ఆ పన్నెండేళ్లలో తనంతట తానుగా ఆమె ఎవరికీ ఫోన్ చేయలేదు.

సింధుజ పదిహేనో ఏట బడి గంటకు ఉలిక్కిపడి పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. ఫిట్స్ అన్నారు. రెండేళ్లు మాత్రలు మింగించారు. అయినా కాలేజీలో మళ్లీ పడింది. అప్పుడు మొయినాబాద్ దగ్గర దవాఖానలో స్నిగ్ధ అనే చిన్న వయసు డాక్టర్ ఈసీజీ తీయించి, ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

"ఇవి ఫిట్స్ కాదమ్మా. గుండె కొట్టుకునేది కరెంటుతోని. ఒక్కో దెబ్బ అయినంక ఆ కరెంటు సల్లబడి, ఇంకో దెబ్బకు తయారు కావాలె. మీ పాపకు అది ఆలస్యమైతున్నది. సరిగ్గ అప్పుడే ఉలికిపాటు వస్తే గుండె లయ తప్పుతది, తలకు రక్తం పోదు. ఇది పుట్టుకతోనే వస్తది. అమ్మ దిక్కు నుంచో, నాయిన దిక్కు నుంచో."

తల్లీకూతుళ్ల రక్తం పరీక్షకు పంపారు. జన్యువులో లోపం సింధుజలో ఉంది, అరుణజ్యోతిలో లేదు.

"పాప వాళ్ల నాయిన ఎట్ల పోయిండు?" అని డాక్టర్ అడిగింది.

అరుణజ్యోతి చెప్పింది. చెప్పి, అడిగింది. "అంటే నా ఫోన్ వల్లనేనా, మేడం?"

డాక్టర్ చేతిలోని కాగితం పక్కన పెట్టింది. "అసలు కారణం ఆయన రక్తంలనే ఉన్నది. చప్పుడు ఒక సాకు. ఆ రోజు ఫోన్ కాకుంటే ఇంకో రోజు కుక్కర్ విజిల్ అయ్యేదేమో."

"కాదు" అనే ఒక్క మాట కోసం పన్నెండేళ్లుగా ఎదురుచూసిన మనిషి ఆమె. ఆ మాట డాక్టర్ కూడా అనలేకపోయింది.

సింధుజకు గుండె మాత్రలు రాసిచ్చి, పరమేష్ తల్లి, అన్న, అన్న పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలని డాక్టర్ చెప్పింది. కాగితాలు పట్టుకుని అరుణజ్యోతి ఆలూరు వెళ్లింది. బావ భూపాల్ సర్పంచ్ ఎన్నికల హడావుడిలో ఉన్నాడు.

"ఓట్ల టైంల మా ఇంటి రక్తమే చెడ్డదని ఊరంత చాటుతవా?" అని అరిచాడు. "తమ్మున్ని తిన్నది సాలలేదా?"

కృష్ణమ్మ గడపలో నిలబడి అంతా విన్నది. వారం తర్వాత ఒక్కతే చేవెళ్ల వచ్చి కోడలి గది తలుపు తట్టింది.

"మా తమ్ముడు పద్దెనిమిదేండ్లకే పోయిండు. పెండ్లిల పటాకులు కాలుస్తుంటే పడిపోయిండు. గాలి సోకిందన్నరు," అంది కూర్చోకుండానే. "నన్ను గా డాక్టరమ్మ దగ్గరికి తోల్కపో."

పరీక్షలో అదే లోపం ఆమెలోనూ తేలింది. డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డా ఆమెను ఏమీ చేయని ఆ లోపం కొడుకును తీసుకెళ్లింది. బయట బెంచీ మీద, నీ తప్పు లేదనే ఒక్క మాట కోసం అరుణజ్యోతి అత్త వైపు చూసింది.

"భూపాల్‌కు చెప్పకు," అంది కృష్ణమ్మ. "ఎలక్షన్ కానీ."

"పన్నెండేండ్ల కింద అందరి ముంగట అన్నవ్, అత్తమ్మా. ఇప్పుడు ఎవ్వరికి చెప్పొద్దంటున్నవ్."

"అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకు?" అని ముసలావిడ బస్సు వైపు నడిచింది.

చెప్పొద్దన్న అత్త మాటను అరుణజ్యోతి లెక్కచేయలేదు. మర్నాడే మొయినాబాద్‌లో మొబైల్ షాపు నడిపే భూపాల్ కొడుకు అభిలాష్ దగ్గరికి వెళ్లి కాగితాలు ముందు పెట్టింది. అతను రెండుసార్లు చదివి, "నాకూ ఒకసారి కళ్లు తిరిగినయ్, చిన్నమ్మా. ఎవ్వరికి చెప్పలే," అన్నాడు. పరీక్షలో అతనికీ ఉన్నదని తేలింది. మాత్రలు మొదలుపెట్టాడు.

భూపాల్ గెలిచాడు. నిక్షేపంలా ఉన్న కొడుకును రోగిని చేసిందని మరదలి మీద ఊరంతా చెప్పాడు. తాను మాత్రం ఇప్పటికీ పరీక్ష చేయించుకోలేదు.

కృష్ణమ్మ రోజూ డాక్టర్ ఇచ్చిన గుండె మాత్ర వేసుకుంటుంది. ఎవరైనా అడిగితే బీపీకి అంటుంది. ఆలూరు నుంచి ఫ్యాక్టరీకి వచ్చే ఒకామె అరుణజ్యోతికి ఈ సంగతి చెప్పి, "మీ అత్తకు బీపీ ఎప్పటిసంది?" అని అడిగింది.

"నాకేం ఎరుక?" అని అరుణజ్యోతి తర్వాతి డబ్బాకు టేపు అంటించింది.