బయట నేయించిన బట్ట

గుజరాతీల మధ్యకు వలస వచ్చిన తెలుగు నేతపనివాళ్లు ఉండే గోడాదరాలో దశరథం కొడుకు సాయికుమార్‌ను ఎరిగినవాళ్లు అతని గురించి ముందుగా చెప్పే మాట, వాడు ఎవరినీ నమ్మడని. కిరాణా కొట్టువాడి ముందే చిల్లర రెండుసార్లు చూసుకుంటాడు. కాలేజీలో సర్ బోర్డు మీద కూడిన లెక్కను కూడా మళ్లీ కూడుతాడు. వయసు ఇరవై రెండు, చదువు ఎం.కాం. రెండో ఏడు. కంపెనీల లెక్కలు చదవడం పాఠంగా మొదలుకాకముందే, పగిలిన ఫోన్‌లో వార్షిక నివేదికలు దించుకుని, ఏ భాషలో వీడియో దొరికితే ఆ భాషలో విని సొంతంగా నేర్చుకున్నాడు. అందుకే క్లాసులో తనకంటే ముందు ఇంకొకరు చేయెత్తితే అతనికి ఒళ్లు మండేది.

చివరి సెమిస్టర్‌లో జరీవాలా సర్ అందరికీ ఒకే పని పెట్టారు. ఎవరికి వారు ఒక కంపెనీని ఎంచుకోవాలి. మూడేళ్ల లెక్కలు చదివి, అందులో డబ్బు పెట్టవచ్చో లేదో చెప్పాలి. బాగా చేసిన ఒక్కరి పేరు షేర్ల మీద పరిశోధన చేసే ఆఫీసుకు పంపుతానన్నారు. నెలకు పద్దెనిమిది వేలు. సాయికుమార్‌కు ఆ ఉద్యోగం కావాలి. అది రాకపోతే ఏమవుతుందో ఇంట్లో ముందే ఖాయమైంది. తండ్రి మరమగ్గాలు నడిపే సాంచెల షెడ్డులో టాకాలు, అంటే నూరేసి మీటర్ల బట్ట చుట్టలు, లెక్క రాసే గుమాస్తా మెహతా ఈ దీపావళికి మానేస్తున్నాడు. ఆ పనికి దశరథం అప్పుడే షెడ్డు యజమాని సేఠ్ చెవిన కొడుకు పేరు వేసి వచ్చాడు.

సాయికుమార్ ఎంచుకున్నది కామ్‌రేజ్ రోడ్డు మీద ఫ్యాక్టరీ ఉన్న బట్టల కంపెనీ. మూడేళ్లలో అమ్మకాలు నలభై శాతం పెరిగాయి. అదే మూడేళ్లలో కరెంటు ఖర్చు సగానికి పడిపోయింది. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని అతను మంచం మీద లేచి కూర్చున్నాడు. సాంచెల మోత మధ్య పెరిగినవాడికి ఒకరు చెప్పాలా? ఒక సాంచ పన్నెండు గంటలు ఆడితే ఏడెనిమిది యూనిట్లు తాగుతుంది. కరెంటు లేనిదే బట్ట దిగదు. బట్ట లేనిదే అమ్మకం ఎక్కడిది? అంతా దొంగ అమ్మకాలే! మూడు వారాలు కూర్చుని నలభై పేజీలు రాశాడు. లెక్కల వెనక చిన్న అక్షరాల్లో అరవై పేజీల వివరణ నోట్లు ఉంటే, వాటిని వేలితో పైకి తోసేశాడు. పట్టుకోవలసిన దొంగ దొరికాక ఇంకా వెతకడం దేనికని అతని ఉద్దేశం.

క్లాసులో అతనితో తెలుగులో మాట్లాడే మనిషి హారతి ఒక్కతే. ఆమె బార్డోలీ వైపున్న చక్కెర కంపెనీని తీసుకుంది. అతని నలభై పేజీలు తిరగేసి నవ్వింది.

"దొంగలు, దొంగలు... పేజీకి నాలుగుసార్లు రాసినవ్ యార్. పోలీస్ స్టేషన్‌ల ఇస్తున్నవా, సర్‌కిస్తున్నవా?"

"చూస్తుండు, సర్ మొహం ఎట్ల మారుతదో."

సోమవారం సర్ ముందు నిలబడి, క్లాసంతా వింటుండగా సాయికుమార్ అన్నీ చెప్పాడు. తన తండ్రి సాంచెలు నడుపుతాడనీ, ఈ సంగతి పుస్తకాల్లో దొరకదనీ కూడా గొప్పగా చెప్పాడు. జరీవాలా సర్ మెల్లగా మాట్లాడే మనిషి. కంపెనీ నివేదిక అతని వైపు జరిపి, గుజరాతీలో అన్నారు.

"ముప్పై ఒకటో నోట్ తియ్యి బేటా. గట్టిగా చదువు."

అతను చదివాడు. రెండో వరుసకే గొంతు తగ్గింది. కంపెనీ తన సాంచెల్లో చాలావరకు అమ్మేసింది. నేత పనిని బయటి షెడ్లకు ఇస్తోంది. అలా నేయించినందుకు కట్టిన మొత్తం ఆరు కోట్ల నుంచి పంతొమ్మిది కోట్లకు పెరిగింది.

"కరెంటు కాలింది. మీటరు మాత్రం వేరేవాళ్లది," అన్నారు సర్. వెనక బెంచీలు పగలబడి నవ్వాయి. "సగం చదివి మనుషుల్ని దొంగలనకూడదు. గురువారానికి మళ్లీ రాసి తీసుకురా. శుక్రవారం పేరు పంపాలి."

సాయంత్రం ఏడున్నరకు దశరథం డ్యూటీ దిగి వచ్చేసరికి కొడుకు గుమ్మంలోనే ఉన్నాడు.

"బాపూ, మీ షెడ్డుకు నూలు చుట్టిన భీములు ఎవరియి వస్తయి?"

తండ్రి కంపెనీ పేరు చెప్పాడు. అదే కంపెనీ.

"ఎప్పటి సంది?"

"మూడేండ్లాయె. ఏంది, గట్ల చూస్తున్నవ్?"

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వెప్పుడడిగినవ్ రా? భీం ఎవనిదైతే నాకేంది, ఎక్కించుడు, నేసుడు, దించుడు." జరిగిందంతా విని దశరథం మొదట కళ్లు పెద్దవి చేశాడు, తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఓ ప్రమీలా, ఇన్నవా? నేను నేసిన బట్ట లేనే లేదని రాసిండంటనే నీ కొడుకు!"

ప్రమీల చీరకు చెమ్కీలు అంటిస్తూ తల ఎత్తకుండానే అంది, "మల్ల మీ కూలీ ఎవడిచ్చిండంట?"

సాయికుమార్‌కు నవ్వు రాలేదు. మూడు వారాలు తాను వెతికిన బట్ట రోజూ ఇదే ఇంటి అన్నం తిని వెళ్లిన చేతుల మీదుగా దిగింది. పంతొమ్మిది కోట్లలో ఎక్కడో ఈ ఇల్లు కూడా ఉంది. ఆ పేజీనే అతను వేలితో తోసేశాడు.

"మీటర్ రేటు పెంచిండ్రా?" అని అడిగాడు చివరికి.

"యాడ! మూడేండ్ల సంది గదే రేటు."

మర్నాడు కాలేజీ మెట్ల మీద హారతి దారి చెప్పింది. బయట నేయించడంతో లాభం పెరిగింది కదా, ఖర్చుల మీద యాజమాన్యానికి మంచి అదుపు ఉందని రాసేయమంది.

"ఆ ఒక్క లైన్ రాయి సాయీ. సర్ చూసేది అదే. నౌకరీ నీదైతది."

"అదుపు అంటే మా బాపు కూలీ పెంచకపోవుడే కదా."

"ఉండనీ. అబద్ధమైతే కాదు కదా?"

అబద్ధం కాదు. అదే అతన్ని కాల్చింది. ఆ వాక్యం రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. బుధవారం తిండి తీసుకుని తండ్రి షెడ్డుకు వెళ్లినప్పుడు, ఇరవై నాలుగు సాంచెల్లో తొమ్మిది ఆగి కనిపించాయి.

"చెడిపోయినయా?"

"సాంచెలకేమైంది, మంచిగనే ఉన్నయ్. నడిపేటోళ్లే లేరు. గీ రేటుకు ఎవడుంటడు? పోరగాండ్లు వజ్రాలు సానపెట్టే హీరా పనికి, పార్సెల్ పనికి పోతున్నరు."

అక్కడి నుంచి అతను అదే కంపెనీ భీములు వచ్చే మరో ఆరు షెడ్లు తిరిగాడు. అన్నిట్లోనూ అదే సంగతి. ఇంటికొచ్చి ఒక్క ఊపులో రాశాడు: ఈ లాభం నిలవదు. నేసేవాళ్లు వెళ్లిపోతున్నారు. రెండేళ్లలో రేటు పెంచక తప్పదు. ఇప్పుడు డబ్బు పెట్టకూడదు.

గురువారం సర్ ఆ పేజీని రెండుసార్లు చదివారు.

"ఇది ఎక్కడిది?"

"నేను పోయి చూశాను సర్. ఏడు షెడ్లు."

"ఈ కంపెనీకి మొత్తం ఎన్ని షెడ్లు నేస్తున్నాయి?"

 నివేదికలో ఆ సంఖ్య లేదు. ఏ నోట్‌లోనూ లేదు. ఈసారి సాయికుమార్ ప్రతి అక్షరం చదివే వచ్చాడు.

"కంపెనీ చెప్పలేదు సర్."

"మరి ఏడు అంటే ఎన్నింట్లో ఏడు?" సర్ గొంతులో వెటకారం లేదు. ఉంటే అతనికి బాగుండేది. "నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. నిజమని చూపలేకపోయావు."

పాతికకు పంతొమ్మిది వేశారు. శుక్రవారం హారతి పేరు వెళ్లింది. ఆమె ఫోన్ చేసి ఆ సంగతి తనే చెప్పింది. మంచిదే పో, అన్నాడు అతను. ఆ మాటలో మంచి ఎంతుందో ఇద్దరికీ తెలుసు.

ఆదివారం పొద్దున్నే నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరుతుంటే దశరథం అడ్డుకున్నాడు.

"యాడికి?"

"షెడ్లు లెక్కపెట్టొస్త."

"మార్కులేసుడు అయిపాయె. నౌకరీ ఆ పిల్లకు పాయె. ఇంకెవడడిగిండు రా నిన్ను?"

"ఎవడడగలే."

ఆడే సాంచెలు, ఆగినవి రాసుకుంటూ పోతే మధ్యాహ్నానికి పదకొండు షెడ్లు పూర్తయ్యాయి. పన్నెండో షెడ్డు సేఠ్ గుమ్మంలోనే ఆపాడు. జీఎస్టీ మనిషివా, యూనియన్ మనిషివా అని కేకలేసి షట్టర్ సగం దించాడు. లోపల సాంచెల మోత వినిపిస్తోంది. ఎన్ని ఆడుతున్నాయో మోతను బట్టి సుమారుగా చెప్పగలడు. పెన్ను కాగితం మీద ఆనించి కాసేపు నిలబడ్డాడు. తర్వాత పన్నెండు అంకెకు ఎదురుగా, చూడనియ్యలేదు అని రాసి, పదమూడో షెడ్డు వైపు నడిచాడు.