ఏ గదిలో అని వెతికేది

పెద్ద ఇంటికి మారాలని మా ఇంట్లో అందరికంటే ఎక్కువ గోల చేసింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నేను చెప్పబోయేది విని, చూశావా, పాత ఇల్లే మేలు అని ఎవరైనా తల ఊపితే నాకు ఒళ్ళు మండుతుంది. నగరిలోని మా పాత ఇంట్లో ఒక్క నెల కాపురం చేసి, అప్పుడు మాట్లాడమనండి.

అది ఇల్లు కాదు, మగ్గాల షెడ్డు. పొడుగాటి ఒకే హాలు. ముందు నాలుగు మరమగ్గాలు, వెనక నడుమెత్తు గోడ. ఆ గోడ అవతలే మా వంట, పడక, పిల్లల చదువు, చుట్టాల రాకపోకలు అన్నీ. పొద్దున మోటారు వేసింది మొదలు పొద్దుగూకేదాకా ఒకటే టకటక. అన్నంలో దూది నలుసులు, ఉతికిన చీర మీద దూది నలుసులు, పసిపిల్ల కనురెప్పల మీద కూడా అవే. మగ్గాల మధ్య సందు ఎంత ఇరుకంటే, వాకిలికి వెళ్ళాలంటే చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఒడిసిపట్టుకుని, పక్కకు తిరిగి, ఒదిగి ఒదిగి దాటాలి. బెల్టులో కొంగు చిక్కుకుందంటే ఇక అంతే సంగతులు. నేను పుట్టింది కూడా మగ్గాల ఇంట్లోనే కాబట్టి నాకు తెలియనిదేముంది అనుకుంటూ కాపురానికి వచ్చాను. కానీ ఏ ఇంటి సందు ఆ ఇంటిదే. నాకు అత్త నేర్పిన మొదటి పని వంట కాదు, ఆ సందు దాటడం.

ఆ రొదలో గొంతుతో మాట్లాడేవాళ్ళు ఉండరు. పెదాలు కదుపుతాం, కాస్త చెయ్యి తిప్పుతాం, అర్థమైపోతుంది. కూరలో ఉప్పు ఎక్కువైందని, పక్కింటామె మళ్ళీ పుట్టింటికి పోయిందని, అన్నీ పెదాలతోనే. మగ్గాల ఇళ్ళలో పెరిగిన ఎవరికైనా ఇది పాలతో వచ్చినట్టే వస్తుంది. మా ఆయనకు మాత్రం సగమే వచ్చు. చిన్నప్పుడే తిరుపతి హాస్టల్లో వేశారు, సెలవులకు చుట్టంలా వచ్చిపోయేవాడు. పెళ్ళయ్యాక కూడా మేము పెదాలతో మాట్లాడుకుంటుంటే మధ్యలో నిలబడి, ఏమంటాండారు, ఏమంటాండారు అని అరిచేవాడు.

మామ వెనకవైపు రెండు మగ్గాల నడుమ, కిటికీ పక్కన నిలబడేవాడు. అత్త ఎదురు మూలలో కూర్చుని కండెలు చుట్టేది. షటిల్‌లో పెట్టే నూలు కండెలు. వాళ్ళ కాపురమంతా ఎదురెదురుగా అలాగే సాగింది. ఆమె తల వంచుకుని పనిలో ఉన్నప్పుడు పిలవాలంటే మామ ఒక ఖాళీ కండెను నేల మీద దొర్లించేవాడు. అది వచ్చి ఆమె పాదానికి తగిలేది. ఆమె తలెత్తేది. ఇక పెదాల మాటలు మొదలు. వయసు పైబడేకొద్దీ మా అత్తకు చెవులు దాదాపు పోయాయి, కానీ ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరికీ పట్టింపే కాలేదు. చెవులతో అక్కడ ఏం పని?

మామ పోయింది ఆ కిటికీ పక్కనే. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది, మగ్గాలు ఆగాయి, ఆయన స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. కరెంటు వచ్చింది, ఆయన లేవలేదు. తరువాత ఆ రెండు మగ్గాలకూ కూలికి వేరే మనిషిని పెట్టాం. అత్త మాత్రం అదే మూలలో కూర్చుని, అటే చూస్తూ, పెదాలు కదుపుతూనే ఉండేది. నేను చూసేదాన్ని. పిల్లల చదువులు, ధరలు, నా వంట మీద ఫిర్యాదులు, అన్నీ ఆయనకు చెప్పేది. నాకు భయం వేయలేదు. కొంచెం కోపం వచ్చేది, చారు బాగాలేదని నాతో చెప్పకుండా పోయినవాడితో చెబుతోందని.

మా ఆయన ఉద్యోగం తిరుపతిలో. రోజూ రైలెక్కి దిగి, ఎక్కి దిగి మనిషి సగమయ్యాడు. పిల్లలకు దగ్గు తగ్గేది కాదు. చివరికి తిరుపతిలో, రేణిగుంట వెళ్ళే దారికి లోపలగా ఇల్లు కట్టుకున్నాం. మగ్గాలతో సహా పాత ఇల్లు తెలిసినవాళ్ళకు బాడుగకిచ్చాం. కొత్త ఇల్లు నిజంగానే పెద్దది. పిల్లలకో గది, మాకో గది, అత్తకో గది, వచ్చేవాళ్ళకో గది. స్నానాల గదికి లోపలి నుంచి గడియ. మిద్దె ఎక్కితే కొండ నిండుగా కనబడుతుంది. పాలు పొంగించిన రోజు తెల్లటి అన్నం వడ్డించుకుని, అందులో ఒక్క నలుసు కూడా లేకపోయేసరికి నాకు ఏడుపొచ్చింది. పిల్లల దగ్గు పోయింది. ఇవన్నీ నేను మరిచిపోలేదు, ఇప్పటికీ ఆ అన్నమంటే నాకు ఇష్టమే.

అయితే పెద్ద ఇంట్లో మనుషులు ఒకరికొకరు కనబడరు. ఇది కట్టేటప్పుడు ఎవరికీ తట్టలేదు. ప్లాను చూసి గాలి ఎటు వస్తుంది, వాస్తు ఎలా ఉంది అని అందరూ అడిగారు గానీ, వంటింట్లోంచి చూస్తే ఎవరు కనబడతారని ఎవరూ అడగలేదు. పిల్లలు గదిలోకి పోయి తలుపేసుకుంటారు. మా ఆయన ఇంకో గదిలో. పిలవాలంటే గొంతెత్తాలి, ఎత్తితే గోడలు ఆ గొంతును మళ్ళీ నాకే వినిపిస్తాయి. అత్తకు ఆ గొంతు కూడా అందదు.

మొదటి వారం ఆమె ఒకటే అడిగేది. "కరెంటు ఎప్పుడొస్తాదంట పాపా?"

"వచ్చే ఉండాది అత్తా, సూడు, ఫ్యాను తిరగతా లేదా?"

ఆమె ఫ్యాను వైపు చూసి, చెప్పులు విడిచి, నున్నటి టైల్స్ మీద పాదం ఆనించి చూసేది. పాత ఇంట్లో మగ్గాలు ఆడుతుంటే నేల అదిరేది. చెవులు పోయినా ఆ అదురు ఆమె అరికాళ్ళకు అందేది. "ఈ నేల ఉలకదు పలకదు" అనేది. ఆమె బతుకులో అదురు ఆగిందంటే కరెంటు పోయినట్టు. కరెంటు పోయిన మధ్యాహ్నం ఏం జరిగిందో ఆమెకు తెలుసు.

తరువాత ఆమె తిరగడం మొదలుపెట్టింది. పిల్లలు బడికి, ఆయన ఆఫీసుకు పోయాక, ఇల్లంతా ఎండ పరుచుకుని ఉన్న వేళ, ఒక్కో గది తలుపు తీసి లోపలికి తొంగిచూసేది. గడప దగ్గర ఆగి, పెదాలు కదిపి, తలుపు దగ్గరగా వేసి, ఇంకో గదికి పోయేది. మా ఆయన ఒకరోజు ఇంట్లో ఉండి చూశాడు. "అమ్మ గోవిందనామాలు సెప్పుకుంటా ఉండాది, ఎంత ప్రశాంతంగా ఉండాదో సూడు" అన్నాడు. నేను ఆమె పెదాల వైపు చూశాను. గోవిందనామాలు కావు. "ఏమయ్యా, యాడుండావు?" అంటోంది. "ఈడన్నా ఉండావా?"

ఆయనకు చెప్పలేదు. చెబితే డాక్టరు దగ్గరికి అంటాడు. నాకేమో, ఎవరు నవ్వినా సరే, ఆమె అడుగుతున్నది సరైన ప్రశ్నే అనిపించింది. పాత ఇంట్లో మామకొక చోటుంది. తల తిప్పితే చాలు. ఇక్కడ ఏ గదిలో అని వెతికేది? ఆ తరువాత మధ్యాహ్నాలు నాకే ఇల్లు బరువుగా అనిపించేది. ఏ గదిలోకి పోయినా, ఎవరో ఇప్పుడే పక్క గదిలోకి పోయినట్టుండేది. అవును, భయపడ్డాను. మామ అంటే కాదు, ఆమె ఇలా వెతుకుతూ వెతుకుతూనే పోతుందేమోనని.

ఒకరోజు అలా తిరుగుతూనే నున్నటి నేల మీద జారి పడింది. మణికట్టు వాచిపోయింది. మా వైపు చెయ్యి విరిగినా కాలు బెణికినా పుత్తూరు కట్టే. కారు మాట్లాడుకుని, ఇద్దరమే వెళ్ళాం. ఆకుపసరు పట్టించి, వెదురు దబ్బలు పెట్టి, గుడ్డ బిగించి కట్టారు. కట్టు అయ్యాక ఆమె నగరి దారి వైపు చూస్తూ నిలబడింది. పోదామని అడగలేదు. నేనే డ్రైవరుకు చెప్పాను, "అట్టే నగరికి పోనీ అప్పా" అని.

పాత ఇంటి వాకిట్లోకి అడుగు పెట్టగానే ఆమె మొహం విప్పారింది. నేల అదురుతోంది కదా. కట్టు చెయ్యి గుండెకు ఆనించుకుని, మంచి చేత్తో కుచ్చిళ్ళు ఒడిసిపట్టి, ఒదిగి, అలవాటైన సందులోంచి కిటికీ దాకా పోయింది. మగ్గం నడుపుతున్న మనిషి ఎవరో కొత్తవాడు, తప్పుకుని చోటిచ్చాడు. ఆమె ఆ చోటు చూసింది, స్తంభం చూసింది, తన మూల చూసింది. చాలాసేపు చూసింది. వంగి కింద పడున్న ఖాళీ కండె ఒకటి తీసి కొంగున ముడేసుకుని బయటకొచ్చింది.

కార్లో కూర్చున్నాక చెప్పింది, గొంతుతోనే. "మీ మామ ఆడ లేడు పాపా."

కొంగున ఉన్న ముడిని ఒకసారి తడిమి చూసుకుంది.

"మన యెనకాలే వచ్చేసినట్టుండాడు. పాపం, అంత పెద్దిల్లు. దోవ తెలీక యాడ తిరగతాండాడో."

ఆ ఇల్లు కావాలని గోల చేసిందాన్ని. అందులో ఇప్పుడు దారి తెలియక తిరిగేవాళ్ళు ఇద్దరయ్యారు.

కొంగులోంచి విప్పిన కండె వంటింటి గట్టు మీదికి చేరింది. ఆమె మళ్ళీ తిరగలేదు. అది ఇంకా అన్యాయంగా ఉంది. హాల్లో ఆ చివర గోడ వైపు తిరిగి, కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. పెదాలు కదిలేవి కావు. అన్నం సరిగా తినేది కాదు. ఆ పెదాలు అలా ఆగిపోవడం చూసి, వెతుక్కున్నా బాగుండేదే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం అన్నం వడ్డించి, వంటింటి గడప దగ్గరికొచ్చి, "అత్తా, రా, తిందువు" అన్నాను. ఆమె అటు తిరిగి ఉంది. ఇంకోసారి గట్టిగా పిలిచాను. నా గొంతు నాకే తిరిగొచ్చింది. అంత దూరం నడిచి భుజం తట్టడానికి బద్ధకమో, పాత ఇంట్లో చూసి చూసి అబ్బిన అలవాటో, చేతికందిన కండె తీసి నేల మీద దొర్లించాను. ఏమీ ఆలోచించలేదు. నున్నటి నేల కదా, ఎక్కడా ఆగకుండా హాలంతా దాటిపోయి ఆమె మడమకు తగిలింది.

ఆమె తిరిగింది.

ఆ మొహం నేను అంతకుముందు చూడలేదు. మా అత్తకు కూడా ఒకప్పుడు వయసుండేదని, ఆమె అందగత్తె అని నాకు అప్పుడే తెలిసింది. అప్పుడుగానీ నేను చేసిన పనేమిటో నాకు తట్టలేదు. నేనే అత్తా, అన్నానికి పిలిచినాను అని చెప్పాలి. నా పెదాలు విడివడలేదు.

ఆమె నన్ను చూసింది. చూసి, చూపు కొంచెం పక్కకు జరిపింది, నా భుజం మీదుగా, నా వెనక్కి. పెదాలు కదిలాయి.

"వచ్చినావా," అంది. "దొరికిందా దోవ?"

నేను వెనక్కి తిరగలేదు. భయపడి కాదు. తిరిగితే ఎవరూ కనబడరు, ఎవరూ లేరని నా మొహమే ఆమెకు చెప్పేస్తుంది. ఆ పెదాలు మళ్ళీ ఆగిపోతాయి. అందుకని అలాగే నిలబడి, మెల్లగా ఒక పక్కకు ఒదిగి, ఆయనకు చోటిచ్చాను. ఆ పూట ఆమె రెండోసారి అన్నం పెట్టించుకుంది. చారు పలచగా ఉందని ఆయనతో చెప్పింది.

ఇప్పుడు ఆమె మాటలన్నీ ఆ గడప పక్కనున్న ఆయనతోనే. తన కుర్చీ ఎదురుగా వేయించుకుంది. మొన్న ఆదివారం మా ఆయన కొత్త ఫ్రిజ్ తెప్పించి, సరిగ్గా ఆ చోటే చూపించి, "ఈడ సరిపోతాది" అన్నాడు. నేను ఆయన వైపు చూసి పెదాలతో "వద్దు" అన్నాను. "ఏమంటాండావు? గట్టిగా సెప్పు" అని అరిచాడు. హాలు అవతల అత్త నవ్వింది. ఫ్రిజ్ వేరే మూలకు పోయింది.

ఇల్లు పెద్దదే, నాకు ఇష్టమే. రోజంతా వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతూనే ఉంటాను. ఎక్కడా ఏదీ అడ్డం లేదు. ఆ గడప దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా చెయ్యి తనంతట తానే కుచ్చిళ్ళు ఒడిసిపట్టుకుంటుంది. పక్కకు తిరిగి, ఒదిగి ఒదిగి దాటుతాను.