అక్క పంపిన రంగు గళ్ళు

ఆ ఆసుపత్రిలో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. డాక్టరుది ఒక భాష, రోగిది మరో భాష అయినప్పుడు మధ్యలో కూర్చుని ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేర్చడం ఆవిడ ఉద్యోగం. ఒక ముసలి రోగి ఎవరో 'దుబాసమ్మ' అని పిలిస్తే, ఆ పేరే వార్డులన్నింటికీ పాకిపోయింది. అయిదు భాషలు నాలుక చివర ఉండేవి. నొప్పి మెలిపెడుతోందా, పొడుస్తోందా, మండుతోందా అని ఆవిడ విడమరిచి అడిగితే సగం జబ్బు అక్కడే తగ్గినట్టుండేది.

ఆవిడకు ఒక్కతే అక్క. ఎనిమిదేళ్ళు పెద్దది. తల్లి పోయాక చెల్లెలికి జడలు వేసిందీ, అక్షరాలు దిద్దించిందీ ఆమే. రైల్లో నాలుగు గంటల దూరంలో కొడుకూ కోడలి దగ్గర ఉంటూ, వీధి గదిలో కుట్టుమిషను వేసుకుని కూర్చునేది. ఫోన్లో మాట్లాడుకుందామంటే ఒకరికి తీరితే ఇంకొకరికి తీరదు. పలకరింపులు పలచబడుతున్న రోజుల్లో ఈ మాటల ఆట దొరికింది.

రోజుకో మాట. ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి. అక్షరం సరైన చోట పడితే గడి ఆకుపచ్చ, మాటలో ఉండీ చోటు తప్పితే పసుపు, అసలు లేకపోతే బూడిదరంగు. ఆ రోజు ఆడేవాళ్ళందరికీ అదే మాట. తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. అన్నిట్లోకీ తెలుగుదే మొండి ఘటం. 'క' అనుకుంటే 'కి' అయి కూర్చుంటుంది, 'కి' అనుకుంటే 'క్కి' అయి వెక్కిరిస్తుంది. ఆట ముగిశాక అక్షరాలు కనబడకుండా రంగు గళ్ళు మాత్రం అవతలివాళ్ళకు పంపవచ్చు.

తెలుగు ఆట ఎప్పుడూ 'గిలిగింత'తోనే మొదలుపెట్టాలని అక్కాచెల్లెళ్ళు మొదటిరోజే ఒట్టు పెట్టుకున్నారు. చిన్నప్పుడు అమ్మ వాళ్ళను నిద్రలేపే పద్ధతి అదే మరి.

రోజూ ఏడింటికి, బస్సులో కూర్చోగానే, అక్క గళ్ళు వచ్చేవి. కొన్నాళ్ళకు అక్క ఇంగ్లీషు ఆటలో తెగ మెరుగైంది. "మా అక్క అరవై దాటాక ఇంగ్లీషు పట్టేసింది తెలుసా!" అని దుబాసమ్మ నర్సులందరికీ చెప్పుకుని మురిసిపోయింది. ఆవిడ భర్త కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేవాడు. "మీ అక్కగారి గళ్ళు చూడకపోతే నీకు కాఫీ కూడా దిగదే" అనేవాడు.

ఒకరోజు వార్డులో ఆవిడకు మాట తప్పిపోయింది. డాక్టరు ఊపిరితిత్తుల గురించి చెబుతున్నాడు. ఆ మాటే రాలేదు. అమ్మ నేర్పిన భాషలో, రోజుకు పదిసార్లు పలికే మాట! రొమ్ము మీద చెయ్యి వేసి చూపించి ఎలాగో గట్టెక్కింది. పక్క వారం ఇంకో మాట పోయింది. మాటలే బతుకుతెరువైన మనిషికి కాళ్ళ కింద నేల జరిగినట్టయింది. భర్తకు చెప్పలేదు. గళ్ళ కింద అక్కకు రాసింది: "ఎవరికీ చెప్పకక్కా. నా బుర్రకేదో అవుతోంది. డాక్టరుకి చూపించుకోమంటావా?"

జవాబు వెంటనే వచ్చింది: "అలసటేనే చిన్నీ. పరీక్షలూ గిరీక్షలూ ఏం వద్దు. నేనున్నాగా."

అక్క అంది కాబట్టి అంతే. పరీక్ష మాట పక్కన పెట్టేసింది. ఆపైన ఏడాది పాటు, మాట తప్పిన ప్రతిసారీ అక్కకు రాసుకుని గుండె బరువు దించుకునేది.

ఒక మంగళవారం బస్సులో 'గిలిగింత' అని కొట్టగానే గళ్ళన్నీ ఆకుపచ్చగా విచ్చుకున్నాయి. ఆ రోజు మాటే అది! పక్క సీటావిడ ఉలిక్కిపడేలా నవ్వింది. అక్కకూ మొదటి దెబ్బకే తగిలి ఉంటుంది, ఈపాటికి మిషను ఆపేసి గంతులేస్తూ ఉంటుంది అనుకుంది.

అక్క గళ్ళు వచ్చాయి. అయిదు వరుసలు. మొదటి వరుస మొత్తం బూడిదరంగు.

ఇన్నాళ్ళూ అక్క ఎన్ని వరుసల్లో తేల్చిందో లెక్కపెట్టుకుందే తప్ప, మొదటి వరుసల రంగులు ఏనాడూ పోల్చి చూసుకోలేదు. "ఇవాళ మొదటి మాట ఏం పెట్టావక్కా?" అని రాసింది.

"ఎప్పుడూ పెట్టేదేనే" అని జవాబు.

మర్నాడు సెలవు పెట్టి, ముందుగా చెప్పకుండా రైలెక్కింది. వెళ్ళేసరికి అక్క మిషను మీద వంగి ఉంది. చెల్లెల్ని చూసి మొహం చేటంత చేసుకుంది.

"ఏమే, ఊడిపడ్డావ్!"

"నిన్నటి ఆటలో మాటేంటక్కా?"

"ఏ ఆట?" అంది అక్క. తర్వాత నవ్వేసింది. "ఓ, అదా! రెండు నెలలు ఆడానేమోనే. కళ్ళు లాగేసేవి. మానేశానంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావని, మీ చిన్నత్తయ్యకి నువ్వు పంపుతుండవే అని నా ఫోను కోడలి చేతికే ఇచ్చేశా. దానికైతే చిటికెలో పని."

"మరి నేను రాసినవి?"

"ఏం రాశావ్?"

అక్క మొహంలో దాపరికం లేదు. నిజంగానే తెలియదు. దుబాసమ్మకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

కోడలు వంటింటి గుమ్మంలో నిలబడిపోయి ఉంది. దుబాసమ్మ లేచి లోపలికి వెళ్ళింది.

"మొదట్లో అన్నీ చదివి వినిపించేదాన్ని చిన్నత్తయ్యా," అంది కోడలు గొంతు తగ్గించి. "అది మాత్రం... ఎవరికీ చెప్పొద్దని రాశారుగా."

"ఎవరికీ చెప్పొద్దని అక్కకి రాశాను."

కోడలు తల దించుకుంది.

"పరీక్షలొద్దని ఎవరన్నారు? నువ్వేగా?"

"మీరు భయపడుతున్నారని... ధైర్యం చెబుదామని..."

"ఏడాదమ్మా. ఏడాది పాటు మా అక్క మాటనుకుని కూర్చున్నాను."

అక్క భోంచేసి వెళ్ళమని ఎంత బతిమాలినా ఆగకుండా తిరుగు రైలెక్కింది. దారి పొడుగునా తాను రాసినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి ఒళ్ళు కుంచించుకుపోయింది. మాటలు మరిచిపోతున్నానని భయపడ్డ మనిషికి అవి మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

ఆ వారమే తాను పనిచేసే ఆసుపత్రిలోనే రోగిగా కూర్చుంది. భర్తకు అన్నీ చెప్పింది. ఆయన కోప్పడలేదు, "ఇన్నాళ్ళూ పక్కనే ఉన్నాను కదే" అని మాత్రం అన్నాడు. పరీక్షలో థైరాయిడ్ బాగా పడిపోయిందని తేలింది. రోజూ పరగడుపున ఒక చిన్న మాత్ర. "ఏడాది కిందటే వచ్చి ఉంటే ఇంత అవస్థ ఉండేది కాదు" అంది డాక్టరు. మూడు నెలల్లో మాటలు చాలావరకు తిరిగొచ్చాయి. ఆట యాప్ ఫోన్లోంచి తీసేసింది.

ఒక ఆదివారం అక్క తానే రైలెక్కి వచ్చింది. చెల్లెలికి కొత్త జాకెట్టు కుట్టి తెచ్చింది. దుబాసమ్మ అన్నం పెట్టింది, పక్క వేసింది, కుట్టుపని సంగతులు అడిగింది. సాయంత్రం అక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"కోడలు నోరు విప్పడం లేదే. ఇంతకీ అప్పుడు నాకేం రాశావ్?"

దుబాసమ్మ చెప్పబోయింది. మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ తప్పిపోలేదు. కానీ అవి తాను ఏ అక్కకు రాసుకుందో ఆ అక్క ఈ అక్క కాదనిపించింది.

"ఏం లేదక్కా. ఊరికే, ఏవో కబుర్లు."

"అంతేనా! నేనింకా ఏమో అనుకున్నా" అని అక్క తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, జాకెట్టు ఒంటికి సరిపోయిందో లేదో చూడమంది.