చెరిపేసిన నలభై ఆరు

మా అమ్మాయి నోటుపుస్తకం మీద రబ్బరుతో గట్టిగా రుద్దినప్పుడల్లా కాస్త వేడెక్కిన రబ్బరూ పెన్సిలు పొడీ కలిసిన వాసన ఒకటి వస్తుంది, అది తగలగానే నేను చైతన్యపురిలో ఒక మేడ మీది రేకుల షెడ్డులోకి, నా పద్నాలుగో ఏటిలోకి జారిపోతాను. ఆ షెడ్డులో నడిచిన ట్యూషను ఎందుకు మూతపడిందో చెప్పే కథలు ఆ వీధిలో రెండున్నాయి. రెండూ నిజం కావు. ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు. దాచుకోవడానికి కూడా ఓపిక కావాలి, నాకిప్పుడది లేదు.

విశ్వనాథం మాస్టారు రాజమండ్రి వైపు నుంచి వచ్చి, గుమాస్తా ఉద్యోగం విరమించాక ఆ షెడ్డులో ఇంగ్లీషు వ్యాకరణం చెప్పేవారు. వేసవి సెలవుల్లో రేకులు కాగిపోతుంటే, కొత్తపేట పండ్ల మార్కెట్టు మీదుగా వచ్చే గాలి మామిడిపళ్ళ వాసనా, తడి గడ్డి వాసనా, కాయలు మగ్గబెట్టే కార్బైడు ముక్కు మండించే ఘాటూ కలిపి మోసుకొచ్చేది. మేం చాపల మీద బాసింపట్టు వేసుకుని, జెరాక్సు కాగితాల మీది వాక్యాల్లో తప్పులు వెతికేవాళ్ళం. ప్రతి వాక్యం ఎ, బి, సి, డి అని నాలుగు ముక్కలుగా ఉండేది, తప్పున్న ముక్క అక్షరం చుట్టూ సున్నా చుట్టాలి. పెన్సిలుతోనే చుట్టాలి, ఎందుకంటే అవే కాగితాలు తర్వాతి జట్టుకూ కావాలి. మాస్టారు జవాబులు చదువుతుంటే పక్కవాడి కాగితం మనం దిద్ది, మార్కులు పైకి చెప్పి, వెంటనే మొత్తం చెరిపి ఆయన బల్ల మీద పెట్టాలి. అదీ అక్కడి పద్ధతి. ఏ కాగితం పట్టుకున్నా పాత సున్నాల మచ్చలు లీలగా కనిపించేవి.

నా పక్కన రత్నం కూర్చునేవాడు. వాళ్ళది నల్లగొండ వైపు పల్లె, నాన్న పండ్ల మార్కెట్టులో హమాలీ. ఆదివారాలు చర్చిలో ఇంగ్లీషు ప్రార్థనలు విని విని వాడికి ఆ భాష చెవికెక్కింది. నేను సూత్రాలు బట్టీపట్టేవాణ్ణి. వాడు పెదాలు కదుపుతూ వాక్యం చదివి, తప్పు దగ్గర మొహం చిట్లించేవాడు. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అని ఉన్నచోట ఎలా పట్టావురా అంటే, "నాకు సూత్రం గీత్రం తెల్వది రా. పంటి కింద రాయి తగిలినట్టయితది, గంతే" అన్నాడు. మా అమ్మ కట్టిచ్చిన సున్నుండ వాడు తినేవాడు, వాళ్ళమ్మ చేసిన సర్వపిండి ముక్క నేను లాక్కునేవాణ్ణి. "మీ ఆంధ్రోళ్ళు తీపి దినీ దినీ గిట్ల మెత్తగయిండ్రు" అని వాడు వెక్కిరిస్తే, మీ కారానికి నాలుక చురుకెక్కి ఇంగ్లీషు తిరుగుతోందని నేను ఎదురు వెక్కిరించేవాణ్ణి. ప్రత్యేక రాష్ట్రం మాట మళ్ళీ గట్టిగా వినిపిస్తున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్ గోడల మీద నినాదాలు తడి ఆరకుండా ఉండేవి. మా ఇద్దరికీ అదింకా పెద్దవాళ్ళ గొడవే.

సెలవుల చివరి ఆదివారం యాభై వాక్యాల పరీక్ష. మొదట వచ్చినవాణ్ణి తనకు తెలిసిన ఒక పెద్ద కోచింగులో ఫీజు లేకుండా చేర్పిస్తానన్నారు మాస్టారు. నాకా సీటు అవసరం లేదు, మా నాన్న ఎలాగూ చేర్పించేవాడు. రత్నానికి మరో దారి లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

వాడు నా కాగితం దిద్ది, తనకే వచ్చినంత సంబరంగా అరిచాడు: "సార్, శ్రీనుగానికి నలభై మూడు!" వాడి కాగితం నా చేతిలో ఉంది. రెండుసార్లు లెక్కపెట్టాను. నలభై ఆరు.

"ముప్పై తొమ్మిదండీ" అన్నాను.

"గట్లెట్ల? ఏదీ, జర చూపియ్ రా" అని రత్నం చెయ్యి చాచాడు. అప్పటికే నా రబ్బరు కాగితం సగం దాకా పోయింది. పద్ధతే కదా, ఎవరూ తప్పుపట్టలేదు.

మర్నాడు వాళ్ళ నాన్న మార్కెట్టు నుంచి నేరుగా వచ్చాడు, భుజం మీద తువ్వాలకు గడ్డిపోచలు ఇంకా అంటుకునే ఉన్నాయి. "సార్, మా పోరనికి ఎన్నొచ్చినయో కాయితం చూపియ్యుండ్రి."

"కాగితం ఉండదయ్యా, చెరిపేస్తాం. ఇక్కడ పద్ధతది."

"మా పోరగాళ్ళవే చెరుపుతరా, మీ దిక్కోళ్ళవి గూడనా?"

మాస్టారు నావైపు తిరిగి, "ఒరేయ్ అబ్బాయ్, దిద్దింది నువ్వేగా. భయపడకుండా చెప్పు, ఎన్నొచ్చాయి?" అన్నారు. నిజం చెప్పడానికి దేవుడిచ్చిన రెండో అవకాశం అది. రత్నం నా మొహంలోకే చూస్తున్నాడు.

"ముప్పై తొమ్మిదేనండీ."

ఆ మాట మెట్లు దిగి వీధిలో పడింది. ఆంధ్రా మాస్టరు తమ పిల్లవాడి నోటి దగ్గరి కూడు తీశాడని కొందరన్నారు. అలాంటివి నిజంగా ఎన్నో చూసినవాళ్ళు గనక వెంటనే నమ్మారు. వీళ్ళకు ప్రతిదానికీ ఇదో వంకని మా నాన్న అన్నం తింటూ విసుక్కున్నాడు, మావాళ్ళు అది నమ్మారు. అందరికీ పెద్ద కారణాలే దొరికాయి, నా ఈర్ష్యను వెతికినవాళ్ళు లేరు. పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. దసరా లోపు మాస్టారు బోర్డు దించుకుని ఊరెళ్ళిపోయారు. సీటు నాకు వచ్చింది. రత్నం బడి మానేసి తండ్రి వెంట మార్కెట్టుకు పోయాడు.

మొన్న వేసవిలో బాటసింగారం వెళ్ళాను, పండ్ల మార్కెట్టు ఇప్పుడక్కడుంది. లారీల మధ్య పెట్టెలు లెక్క రాయిస్తున్న రత్నం నన్ను ఇట్టే గుర్తుపట్టి, "ఏంది రా శ్రీనుగా, నెత్తి తెల్లగయింది" అని నవ్వాడు. చెప్పేశాను. వాడు ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకే. సార్ సదువుతుంటె నా జవాబులు నాకు యాదికున్నయి. నువ్వే తప్పు జెప్పినవని బాపుకు ఆనాడే జెప్పిన. పెద్దోళ్ళు నేర్పకుంటె పోరగాళ్ళు గట్ల జేస్తరా అన్నడు బాపు." మళ్ళీ వాడే అడిగాడు: "సార్‌కు జెప్పినవా?"

మాస్టారు పోయి చాలా ఏళ్ళయిందన్నాను.

రత్నం పెట్టెలవైపు తిరిగాడు. "మరి నాకు జెప్పి ఏం ఫాయిదా రా."

ఇప్పుడు ఆ మేడ లేదు, ఆ చోట ఐదంతస్తుల హాస్టలు ఉంది. మామిడి వాసన మోసుకొచ్చే గాలి లేదు, మెట్రో స్తంభాల మధ్య దుమ్మే తిరుగుతుంది. పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుని తప్పులు పట్టుకుంటున్నారు, మార్కులు అదే చెబుతుంది, పక్కవాణ్ణి నమ్మాల్సిన పని లేదు. మాస్టారికి చెప్పడానికి నాకిక చోటేదీ మిగల్లేదు గనక ఇక్కడ రాస్తున్నాను: ఆయన ఎవరికీ అన్యాయం చెయ్యలేదు, పక్కన కూర్చున్న పిల్లవాణ్ణి నమ్మారు, అంతే. ఆ ఆదివారం రత్నానికి వచ్చినవి నలభై ఆరు.