క్యారియర్ మీరేనండి

ఆ రోజు మా స్రవంతి స్కూలు నుంచి వచ్చి, బ్యాగు కూడా తీయకుండా గచ్చు మీద పడుకుంది. ఒళ్లు కాలిపోతోంది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించాను. జ్వరం తగ్గినట్టే తగ్గి సాయంత్రానికి మళ్లీ వచ్చేది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే బ్లడ్ కల్చర్ చేసి టైఫాయిడ్ అన్నారు.

"నిన్నమొన్నటి మాట కాదమ్మా. రెండు వారాల కింద బయట ఎక్కడ తిన్నారు?" అని డాక్టర్ అడిగారు.

నాకు గుర్తు రాలేదు. ఎదురింటి సుజాత గారికి గుర్తొచ్చింది. వాళ్లది గుంటూరు. "మా వాడికీ జ్వరమేనండి. మొన్న వంటావార్పులో కలిసి తిన్నాం కదా!" తెలంగాణ కోసం ఎల్బీనగర్ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి కాలనీ అంతా వండుకు తిన్న రోజు అది. పెరుగన్నం కలిపింది మా ఆయనే. చేసేది ప్లంబర్ పనే గానీ, పదిమందికి వండిపెట్టడమంటే ఆయనకు ప్రాణం.

మన్సూరాబాద్‌లో మా గల్లీలో ఒక్కో ఇంట్లో ఒక్కో రోజు జ్వరం బయటపడుతోంది. మున్సిపాలిటీ వాళ్లు ఆరా తీయడానికి వస్తున్నారని తెలిసి మా ఆయన అందరికీ ఒకటే చెప్పాడు. "ఇంట్లనే తిన్నమనుండ్రి. ఉద్యమానికి పేరు చెడుతది." నేను ఉన్నదున్నట్టు చెప్పాను. తక్కినవాళ్లంతా కాదన్నారు. వచ్చినవాళ్లు నల్లా నీళ్లు సీసాల్లో పట్టుకుని వెళ్లిపోయారు.

పాప తేరుకుంది. మా ఆయనే పక్కన కూర్చుని, అన్నం కలిపి ముద్దలు పెట్టేవాడు. మళ్లీ జ్వరం. ఈసారి పిల్ల మంచం దిగలేకపోతే ఆస్పత్రిలో చేర్చాం. డాక్టర్ మా ఇంటిల్లిపాదికీ స్టూల్ కల్చర్, అంటే మల పరీక్ష, రాశారు.

రిపోర్టు చూసి మా ఆయనతో, "ఇంట్లో క్యారియర్ మీరేనండి" అన్నారు.

మా ఆయన చేతిలోని టిఫిన్ డబ్బా పైకెత్తి చూపించాడు. "ఔ సార్, రోజూ నేనే తెస్తున్న. పప్పన్నం."

డాక్టర్ నవ్వలేదు. "మీకు జబ్బు లేదు. కానీ ఆ క్రిమి మీలో ఉంది. మీ చేతి నుంచి తిండిలోకి పోతోంది."

ఆయనకు చిన్నప్పుడెప్పుడో ఊళ్లో టైఫాయిడ్ వచ్చి తగ్గిందట. ఆ డబ్బా పాపకు ఇవ్వకుండా పక్కన పెట్టేశాడు. నాకు కోపం, జాలి ఒక్కసారే వచ్చాయి. ఎవరిని తిట్టుకోవాలో తెలియలేదు. తర్వాత ఇంటింటికీ పోయి తనే చెప్పుకున్నాడు. "నీకు జ్వరమే రాకపాయె గదన్నా, పరేషాన్ గాకు" అని నవ్వేశారు కొందరు. సుజాత గారు "మీకు మాత్రం తెలుసా ఏంటండీ" అన్నారు. ఆ తర్వాత మా రెండిళ్ల మధ్య కూర గిన్నెలు తిరగలేదు.

పాపకు నయమైంది. ఆయనకు చాలాకాలం మందులు వాడి, క్రిమి దాక్కునే గాల్‌బ్లాడర్‌ని ఆపరేషన్ చేసి తీసేశాక కల్చర్లన్నీ నెగెటివ్ వచ్చాయి. నేను చెప్పేది ఒక్కటే. టైఫాయిడ్ జ్వరం తగ్గినంత మాత్రాన క్రిమి పోయినట్టు కాదు. ఆ జ్వరం వచ్చి తగ్గిన మనిషి వంట చేస్తుంటే, డాక్టర్‌ని అడిగి స్టూల్ కల్చర్ చేయించండి.

ఇక ఏ భయమూ లేదన్నారు డాక్టర్. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న స్రవంతి అన్నం ముందు కూర్చుని, "డాడీ, ఒక్క ముద్ద పెట్టు" అంటుంది. ఆయన చెంచా కోసం వెతుక్కుంటాడు.